నాయకుని ప్రతిజ్ఞ: హజ్రత్ అబూబక్ర్ (రజి) తొలి ప్రసంగం నేర్పే పాఠం

ఒక బాధ్యతను స్వీకరించే వ్యక్తి తాను ఏమి చేయదలచాడో, ఏ నియమాలకు కట్టుబడి ఉంటాడో ముందుగానే ప్రజల ఎదుట ప్రకటించటం పూర్వం నుంచీ ఉన్న ఆచారమే. ఎన్నికల ముందు రాజకీయ పక్షాలు వెలువరించే ప్రణాళికలు అందరికీ తెలిసినవే. ఇటీవల వ్యక్తులు సైతం తమ ఆశయాలను, నాయకత్వ సూత్రాలను ఒక పత్రంగా రాసుకోవాలని శిక్షణా తరగతులలో బోధిస్తున్నారు. దానిని మేనిఫెస్టో అంటున్నారు. తన చుట్టూ ఉన్నవారిలో మార్పు తేదలచినవాడు తన సిద్ధాంతమేమిటో ముందుగా కాగితం మీద పెట్టాలని ఆ బోధన సారాంశం.

ఈ పద్ధతిని చూసినప్పుడు ధర్మనిష్ఠ గల ముస్లిం మనసులో రెండు సందేహాలు తలెత్తటం సహజం. మొదటిది: ఇది ఆత్మస్తుతికి, పదవీ వ్యామోహానికి దారి తీయదా? అడిగి పుచ్చుకున్న పదవి ఆ మనిషి మీదే వదిలివేయబడుతుందని, అడగకుండా లభించిన దానికి దైవసహాయం తోడవుతుందని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు బోధించిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. రెండవది: చెప్పినదంతా చేయలేకపోతే ఏమిటి గతి? చేయని దానిని చెప్పటం అల్లాహ్ దృష్టిలో ఎంత అసహ్యకరమైనదో దివ్య ఖుర్ఆన్‌లో సఫ్ సూరా 2, 3 ఆయతులు హెచ్చరిస్తున్నాయి.

అలాగని మౌనమే క్షేమకరమా అంటే, అదీ కాదు. ఈజిప్టు రాజు ఎదుట ధాన్యాగారాల బాధ్యతను తనకు అప్పగించమని హజ్రత్ యూసుఫ్ (అలై) స్వయంగా కోరారు. తాను పరిరక్షించగలవాడినని, తనకు ఆ విషయంలో జ్ఞానం ఉన్నదని కూడా చెప్పారు. యూసుఫ్ సూరా 55వ ఆయతు ఈ సంగతి తెలుపుతున్నది. కరవు ముంచుకు రానున్నది, దానిని ఎదుర్కొనే ఉపాయం తెలిసినవాడు మౌనం వహిస్తే జనం ఆకలితో నశిస్తారు. కాబట్టి నాయకుడు నోరు విప్పి మాట్లాడటం తప్పు కాదు. ఏమి మాట్లాడాడు, ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుంది అనేదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇస్లామీ చరిత్రలో ప్రప్రథమ ఖలీఫా చేసిన ప్రప్రథమ ప్రసంగం చక్కని సమాధానం ఇస్తున్నది. అరబ్బీ మూలంలో అది కొద్ది వాక్యాలకు మించదు. నెమ్మదిగా చదివినా రెండు నిమిషాలు పట్టదు. అయినా ఒక నాయకుని ప్రతిజ్ఞ ఎలా ఉండాలో తెలుసుకోవటానికి అంతకు మించిన నమూనా అరుదు.

ప్రసంగానికి ముందు

హిజ్రీ 11వ సంవత్సరం, రబీవుల్ అవ్వల్ మాసం, సోమవారం నాడు దైవప్రవక్త (స) పరమపదించారు. క్రీస్తు శకం ప్రకారం అది 632 జూన్. మదీనా దుఃఖంలో మునిగిపోయింది. దైవప్రవక్త (స) మరణించలేదని హజ్రత్ ఉమర్ (రజి) వంటి ధీరుడే వాదించే స్థితి ఏర్పడింది. ఆ సమయంలో ఆలె ఇమ్రాన్ సూరా 144వ ఆయతును వినిపించి జనాన్ని వాస్తవంలోకి తెచ్చినవారు హజ్రత్ అబూబక్ర్ (రజి).

అదే రోజు బనూ సాయిదా వారి పందిరి కింద అన్సారులు సమావేశమయ్యారు. సమాజం రెండుగా చీలిపోయే ప్రమాదం కనిపించింది. అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి), అబూ ఉబైదా (రజి) అక్కడికి వెళ్ళారు. చర్చ తీవ్రంగా సాగింది. ఉమర్, అబూ ఉబైదా ఇద్దరిలో ఎవరినైనా ఎన్నుకోండని అబూబక్ర్ (రజి) సూచించారు. ఉమర్ (రజి) మాత్రం అబూబక్ర్ చేయి చాపమని కోరి, ఆ చేతిమీద బైఅత్ చేశారు. మరునాడు మస్జిదె నబవీలో సామాన్య ప్రజలందరూ బైఅత్ చేశారు. అది ముగిసిన తర్వాత ఆయన లేచి అల్లాహ్‌ను స్తుతించి ప్రసంగించారు. ఇబ్నె ఇస్హాఖ్ ద్వారా ఇబ్నె హిషామ్ సీరత్ గ్రంథంలోనూ, తబరీ చరిత్రలోనూ ఆ ప్రసంగం భద్రపరచబడి ఉంది.

బైఅత్ పూర్తయిన తర్వాతనే ఆయన మాట్లాడారు. ఓట్లు కోరటానికి చేసిన వాగ్దానం కాదది. అధికారం చేతికి వచ్చిన తర్వాత, ఇక ఎవరినీ మెప్పించవలసిన అవసరం లేని ఘడియలో, తన చేతులను తానే కట్టుకుంటూ పలికిన మాట. ప్రచార పత్రానికీ ప్రతిజ్ఞా పత్రానికీ ఉన్న మొదటి భేదం ఇదే.

మాటల వెనుక ఉన్న అర్థం

ప్రసంగం ఆరంభంలో ఆయన వాడిన క్రియాపదం "వుల్లీతు". అరబ్బీ వ్యాకరణంలో ఇది కర్మణి ప్రయోగం. అధికారాన్ని తాను తీసుకున్నట్లు కాక, అది తనమీద ఉంచబడినట్లు చెప్పే మాట. వెంటనే తాను వారిలో ఉత్తముడిని కానని చేర్చారు. సమాజంలో ఆయనకున్న స్థానం ఎటువంటిదో విన్నవారందరికీ తెలుసు. హిజ్రత్ నాటి గుహలో దైవప్రవక్త (స)కు సహచరుడు ఆయన. చివరి వ్యాధి సమయంలో నమాజుకు ఇమామత్ వహించమని ఆదేశం పొందినవారూ ఆయనే. అయినా తన యోగ్యతల జాబితాతో మాట ప్రారంభించలేదు. ఎందుకంటే యోగ్యతల జాబితా చదివినవాడిని ప్రశ్నించటానికి జనం జంకుతారు. తాను ఉత్తముడిని కానన్నవాడిని ప్రశ్నించటం తేలిక.

తర్వాతి మాటలు రెండు జంటగా వస్తాయి. తాను మంచి చేస్తే తనకు తోడ్పడాలని, చెడు చేస్తే తనను సరిచేయాలని ఆయన కోరారు. సరిచేయండి అనటానికి వాడిన పదం "ఖవ్విమూనీ". వంకర పోయిన దానిని నిటారుగా నిలబెట్టటం అని దాని భావం. ప్రతి నమాజులోనూ ప్రార్థించే సిరాతె ముస్తఖీమ్ లోని "ముస్తఖీమ్" ఈ ధాతువు నుంచి వచ్చినదే. ఇస్తిఖామత్, ఇఖామత్ అనే పదాలూ అంతే. ప్రసంగం చివర నమాజుకు లేవండని పలికిన మాట కూడా ఆ ధాతువుకు చెందినదే. అంటే ప్రజలు నాయకుణ్ణి నిటారుగా నిలబెట్టాలి, ఆ తర్వాత అందరూ కలిసి అల్లాహ్ ఎదుట నిలబడాలి. నాయకుణ్ణి సరిచేయటం తిరుగుబాటు కాదు, ఇబాదత్‌కు సన్నాహమే అన్న భావం ఇందులో ధ్వనిస్తున్నది.

మూడవ అంశం సత్యం గురించినది. నిజం అమానత్ అని, అబద్ధం ద్రోహమని ఆయన చెప్పారు. సాధారణంగా అమానత్ అనగానే డబ్బు, ఆస్తి గుర్తుకు వస్తాయి. ఖలీఫా ఆ పదాన్ని మాటకు అన్వయించారు. ప్రజలకు తెలియవలసిన వాస్తవం నాయకుని వద్ద దాచుకోవటానికి ఇచ్చిన సొమ్ము వంటిది. అడిగినప్పుడు అది చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వాలి. లెక్కలు దాచిపెట్టినవాడు సొమ్ము తినకపోయినా ద్రోహం చేసినవాడే అవుతాడు.

నాలుగవ అంశం ప్రసంగానికి గుండెకాయ వంటిది. వారిలో బలహీనుడు, అతని హక్కు అతనికి ఇప్పించేవరకు, తన దృష్టిలో బలవంతుడని ఖలీఫా ప్రకటించారు. వారిలో బలవంతుడు, అతని నుంచి ఇతరుల హక్కును రాబట్టేవరకు, తన దృష్టిలో బలహీనుడని కూడా అన్నారు. రెండింటికీ ఇన్‌షా అల్లాహ్ అని జోడించారు. ఇక్కడ పేదలపై జాలి చూపుతానన్న మాట లేదు. ఉన్న మాట "హఖ్" అనే పదం. జాలి ఇచ్చేవాని ఇష్టం, హఖ్ పుచ్చుకునేవాని సొత్తు. పైగా "వరకు" అని ఒక గడువు ఉంది. పని పూర్తయిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలిగేలా ఆ వాక్యాన్ని నిర్మించారు.

ఐదవ అంశంలో ప్రజల బాధ్యత వస్తుంది. దైవమార్గంలో జిహాద్‌ను విడిచిపెట్టిన జాతిని అల్లాహ్ అవమానం పాలు చేస్తాడని, అశ్లీలత ప్రబలిన జాతిని ఆపదలు చుట్టుముడతాయని ఆయన హెచ్చరించారు. నాయకుడు ఒక్కడే సమాజాన్ని మోయలేడు. తన వంతు చెప్పి ఊరుకోకుండా ప్రజల వంతు కూడా చెప్పటం నిజాయితీ గల నాయకుని లక్షణం.

చివరిది హద్దు. తాను అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు విధేయుడిగా ఉన్నంతవరకే తనకు విధేయత చూపాలని, తాను అవిధేయుడైతే తన పట్ల విధేయత ఎవరిమీదా విధి కాదని ఆయన స్పష్టం చేశారు. నిసా సూరా 59వ ఆయతులో అధికారం గలవారికి విధేయత చూపమన్న ఆదేశం ఉంది. అభిప్రాయభేదం వచ్చినప్పుడు విషయాన్ని అల్లాహ్ వైపుకు, ప్రవక్త వైపుకు మరలించమన్న ఆదేశమూ అక్కడే ఉంది. ఆ ఆయతునే ఖలీఫా తన ఉద్యోగ షరతుగా మార్చుకున్నారు. ఈ షరతు మీద తప్ప ఎవరూ ఇమాం కాజాలరని ఇమాం మాలిక్ అన్నట్లు సుయూతీ తన ఖలీఫాల చరిత్రలో నమోదు చేశారు.

మాటకూ చేతకూ మధ్య

ఆ తర్వాత ఆయన జీవించినది రెండు సంవత్సరాల మూడు మాసాలు మాత్రమే. హిజ్రీ 13, జమాదిల్ ఆఖిర్ మాసంలో, అనగా 634 ఆగస్టులో, మరణించారు. ఈ స్వల్పకాలంలో ఆ ప్రసంగంలోని ఒక్కొక్క మాటకూ పరీక్ష ఎదురయింది.

విధేయత షరతుకు తొలి పరీక్ష ఉసామా (రజి) సైన్యం. ఇరవై ఏళ్ళ లోపు యువకుణ్ణి దైవప్రవక్త (స) సిరియా సరిహద్దులకు వెళ్ళే సైన్యానికి అధిపతిగా నియమించి ఉన్నారు. అరేబియా అంతటా అలజడి చెలరేగిన వేళ సైన్యాన్ని ఆపమని, కనీసం అనుభవజ్ఞుణ్ణి అధిపతిగా నియమించమని సలహాలు వచ్చాయి. ప్రవక్త (స) కట్టిన పతాకాన్ని తాను విప్పలేనని ఖలీఫా నిరాకరించారు. సాగనంపటానికి ఉసామా గుర్రం పక్కన తాను నడిచి వెళ్ళారు. ఉమర్ (రజి)ను మదీనాలో తనకు తోడుగా వదిలి వెళ్ళమని ఆ యువకుణ్ణి అనుమతి కోరారు. ఖలీఫా తన సేనానిని ఆజ్ఞాపించక అర్థించిన ఈ దృశ్యం ఆనాటి సైనికులకు ఎన్నో ఉపన్యాసాలతో సమానం.

బలవంతుని నుంచి హక్కు రాబట్టుతానన్న మాటకు పరీక్ష జకాత్ నిరాకరణ. కొన్ని తెగలు నమాజు చేస్తాము కాని జకాత్ చెల్లించము అన్నాయి. కలిమా పలికినవారితో యుద్ధమెలా చేస్తారని ఉమర్ (రజి) అభ్యంతరం చెప్పారు. బుఖారీలో ఉన్న ప్రకారం, జకాత్ సంపదపై ఉన్న హఖ్ అని, నమాజును జకాత్‌ను వేరు చేసేవారితో తాను పోరాడి తీరుతానని ఖలీఫా బదులిచ్చారు. తొలి ప్రసంగంలోని "హఖ్" అనే పదమే ఇక్కడ మళ్ళీ వినిపిస్తున్నది. పేదవాని హక్కు తెగల నాయకుల ముంగిట ఆగిపోయింది. బలవంతుల సంఖ్య ఎక్కువని ఆయన వెనుకంజ వేయలేదు.

తనను సరిచేయమన్న మాటకు పరీక్షలు పలుమార్లు వచ్చాయి. యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు అనేకులు అమరులైనప్పుడు, ఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేయించమని ఉమర్ (రజి) కోరారు. దైవప్రవక్త (స) చేయని పనిని తానెలా చేయగలనని ఖలీఫా మొదట నిరాకరించారు. ఉమర్ పదేపదే నచ్చజెప్పగా ఆయన హృదయం అంగీకరించింది. ఆ బాధ్యతను జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. తన మొదటి అభిప్రాయాన్ని మార్చుకోవటంలో ఆయన చిన్నతనం అనుకోలేదు. ఆ మార్పు వల్ల కలిగిన మేలును ఉమ్మత్ నేటికీ అనుభవిస్తున్నది.

మరొకసారి ఒక వృద్ధురాలు వచ్చి మనుమని ఆస్తిలో తన వాటా అడిగింది. ఆమె వాటా గురించి ఖుర్ఆన్‌లో గాని, తనకు తెలిసినంతలో ప్రవక్త (స) సున్నత్‌లో గాని ఏమీ కనిపించలేదని, ఇతరులను అడిగి చెబుతానని ఖలీఫా అన్నారు. నాయనమ్మ వంటి వారికి ఆరవ వంతు ఇవ్వటం తాను చూశానని ముగీరా బిన్ షూబా (రజి) చెప్పారు. ఇంకెవరైనా చూశారా అని ఖలీఫా రెండవ సాక్షిని అడిగారు. ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) అదే మాట ధ్రువీకరించిన పిమ్మట ఆమె వాటా ఆమెకు ఇప్పించారు. ఈ ఉదంతం మువత్తాలో ఉంది. తెలియదని నిండు సభలో ఒప్పుకోవటం వల్ల ఖలీఫా గౌరవం తగ్గలేదు, ఒక ముసలి తల్లి హక్కు మాత్రం దక్కింది.

ఇక సత్యం, అమానత్ సంగతి. ఆయన బట్టల వర్తకులు. ఖలీఫా అయిన తర్వాత కూడా భుజాన బట్టలు వేసుకుని బజారుకు బయలుదేరారు. ప్రజల పని కుంటుపడుతుందని చెప్పి సహచరులు బైతుల్ మాల్ నుంచి కుటుంబ పోషణకు సరిపడే భత్యం ఏర్పాటు చేశారు. అంతిమ ఘడియల్లో తనవద్ద మిగిలిన ప్రభుత్వ సొత్తును లెక్క చూసి తన తర్వాతి ఖలీఫాకు పంపమని కుటుంబాన్ని ఆదేశించారు. ఇబ్నె సాద్ వివరించిన ప్రకారం అది ఒక సేవకుడు, నీళ్ళు మోసే ఒక ఒంటె, ఒక పాత దుప్పటి. వాటిని చూసి ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకున్నారు. తన తర్వాత వచ్చేవారి పనిని ఆయన ఎంతో కష్టతరం చేసి వెళ్ళారని అన్నారు.

మరొక తరహా ప్రకటన

కేవలం చెప్పిన మాట నిలబెట్టుకున్నంత మాత్రాన నాయకత్వం ఉత్తమమవుతుందా? కాదని చెప్పటానికి చరిత్రలో ఇంకొక తొలి ప్రసంగం ఉంది. హిజ్రీ 45, అనగా 665లో, జియాద్ బస్రా గవర్నరుగా వచ్చి ప్రసంగించాడు. అరబ్బీ సాహిత్యంలో అది "ఖుత్బయె బత్రా"గా ప్రసిద్ధి చెందింది. బత్రా అంటే తోక తెగినది. అల్లాహ్ స్తుతితో ప్రారంభం కానందున ఆ పేరు వచ్చిందని చెబుతారు. భాషా సౌందర్యం రీత్యా దానిని పండితులు ఎంతగానో మెచ్చుకున్నారు.

ఆ ప్రసంగంలో కొన్ని మంచి వాగ్దానాలూ లేకపోలేదు. అవసరం గలవారికి తన తలుపు మూయనని, భత్యాలు సమయానికి ఇస్తానని చెప్పాడు. తాను అబద్ధమాడినట్లు తేలితే తన మాట వినవలసిన పని లేదనీ అన్నాడు. కాని దాని అసలు స్వరం బెదిరింపు. నేరస్థుని బదులు అతని సంబంధీకుణ్ణి, పారిపోయినవాని బదులు ఊళ్ళో ఉన్నవాణ్ణి పట్టుకుంటానని, రాత్రివేళ బయట తిరిగేవాణ్ణి చంపిస్తానని ప్రకటించాడు. అబూ బిలాల్ మిర్దాస్ అనే వ్యక్తి లేచి, ఒకరి పాపభారం మరొకరు మోయరన్న ఖుర్ఆన్ వాక్యాన్ని గుర్తు చేసినట్లు చరిత్రకారులు రాశారు. జియాద్ తన మాట నిలబెట్టుకున్నాడు. బస్రాలో శాంతి నెలకొన్నది, కాని అది భయం వల్ల వచ్చిన శాంతి.

రెండు ప్రసంగాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే తేడా తేటతెల్లమవుతుంది. ఒకటి ప్రజలు ఏమి చేస్తే నాయకుడు వారిని ఎలా శిక్షిస్తాడో చెబుతున్నది. మరొకటి నాయకుడు ఏమి చేస్తే ప్రజలు అతణ్ణి ఎలా సరిచేయాలో చెబుతున్నది. కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నదన్నదే తేడా. తనను కొలిచే బద్దను ఇతరుల చేతికి అందించినవాడే మార్పుకు ప్రేరణ కాగలడు. ఎందుకంటే మార్పు అప్పుడు అతనితోనే మొదలవుతుంది.

ప్రతిజ్ఞ రాయదలచినవారికి

ఖిలాఫత్ వంటి మహా బాధ్యత అందరికీ రాదు. అయితే ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన అధీనంలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని దైవప్రవక్త (స) బోధించారు. ఇంటి యజమాని, గృహిణి, ఉపాధ్యాయుడు, దుకాణదారు, మస్జిదు కమిటీ కార్యదర్శి, అంజుమన్ అధ్యక్షుడు, వీరందరూ ఈ కాపరుల జాబితాలో ఉన్నవారే. ఇటువంటివారు తమ ప్రతిజ్ఞను రాసుకోవాలనుకుంటే పైప్రసంగం నుంచి ఆరు ప్రశ్నలు తయారవుతాయి.

మొదటి ప్రశ్న: ఈ బాధ్యత ఎవరిది? ఎవరు ఇచ్చారు, ఎంతకాలానికి? "నా పాఠశాల", "నా కమిటీ" అనే మాటలు పత్రంలో చోటు చేసుకుంటే అక్కడే ఆగి దిద్దుకోవాలి. అమానత్ ఎవరిదో తెలిసినవాడే దానిని తిరిగి అప్పగించే రోజు గుర్తుంచుకుంటాడు.

రెండవ ప్రశ్న: తనలో లోటు ఏమిటి? లెక్కలు తెలియని కార్యదర్శి ఆ సంగతి రాసి, లెక్కలు చూసే వ్యక్తిని పేరుతో సహా సూచించాలి. కోపం ఎక్కువైనవాడు కోపంలో నిర్ణయం ప్రకటించనని రాయాలి. యోగ్యతలను ఇతరులు ఎలాగూ చూస్తారు. లోటు ముందుగా తెలిస్తేనే తోడ్పడగలరు.

మూడవ ప్రశ్న: తన పరిధిలో బలహీనుడెవరు? ఇది అందరూ అని రాసి దాటవేయదగిన ప్రశ్న కాదు. మస్జిదులో అది చాలీచాలని జీతంతో ఐదు పూటలా అజాన్ పలికే ముఅజ్జిన్ కావచ్చు. దుకాణంలో కూలి కోసం సాయంత్రం వరకు నిలబడే పనివాడు కావచ్చు. ఇంట్లో అది తండ్రి ఆస్తిలో వాటా అడగటానికి నోరు రాని ఆడపడుచు కావచ్చు. స్త్రీలకు వారసత్వంలో వాటాను నిసా సూరా 7వ ఆయతు నిర్ణయించింది. పెళ్ళికి ఖర్చు పెట్టామన్న సాకుతో దానిని ఎగవేసే అన్నదమ్ములు ధార్మిక సభలలో ముందు వరుసలో కూర్చోవటం తెలియని విషయం కాదు. సంస్కరణ గురించి ప్రసంగించదలచినవాడు ముందుగా తన చెల్లెలి వాటా లెక్కగట్టి ఇచ్చివేయటం ఉత్తమమైన మేనిఫెస్టో.

నాలుగవ ప్రశ్న: బలవంతుడెవరు? అతనివద్ద ఎవరి హక్కు నిలిచిపోయి ఉంది? ఉదాహరణకు "వక్ఫ్ ఆస్తులను పరిరక్షిస్తాను" అనే వాక్యాన్ని ఎవరైనా రాయగలరు. దానితో ఎవరికీ నష్టం లేదు, కాబట్టి లాభమూ లేదు. "మస్జిదు దుకాణాల అద్దెల పట్టికను, బకాయిలతో సహా, మూడు నెలలకొకసారి జుమా నమాజు తర్వాత అందరికీ కనిపించేలా ఉంచుతాను, అందులో నా బంధువు పేరున్నా సరే" అని రాసినవాడు మాత్రం నిజంగా ఒక మాట ఇచ్చినట్లు. రాసేటప్పుడు చేయి వణికించే వాక్యం పత్రంలో ఒక్కటైనా లేకపోతే ఆ పత్రాన్ని మళ్ళీ రాయాలి.

ఐదవ ప్రశ్న: తనను సరిచేసేది ఎవరు, ఎప్పుడు, ఎలా? "సలహాలకు స్వాగతం" అంటే చాలదు. అడిగినవాడికి కీడు జరగదన్న భరోసా కావాలి. ఒక రోజు, ఒక చోటు నిర్ణయించాలి. ముఖప్రీతి కోసం మాట్లాడని ఇద్దరు ముగ్గురిని ముందుగానే ఎన్నుకుని ప్రతిజ్ఞ నకలు వారికి ఇవ్వాలి. వారిలో ఒకరు వయసులో చిన్నవారైతే మరీ మంచిది.

ఆరవ ప్రశ్న: హద్దు ఎక్కడ? ఏ పరిస్థితిలో తన మాట చెల్లదు? ఏది జరిగితే తాను తప్పుకుంటాడు? ఈ వాక్యం లేని పత్రానికి తాళం లేని పెట్టెకున్నపాటి విలువే ఉంటుంది.

ఇక్కడ మొదటి సందేహం మళ్ళీ ముందుకు వస్తుంది. ఇదంతా ప్రదర్శన కాదా? దీనికి ఒక హద్దు పాటిస్తే చాలు. ఇతరుల హక్కుతో ముడిపడినదే బహిరంగపరచాలి. తహజ్జుద్ నమాజు, నఫిల్ ఉపవాసాలు, రహస్య దానాలు దాసునికీ ప్రభువుకూ మధ్య ఉండవలసినవి. వాటిని పత్రంలో రాయటం రియా అవుతుంది. లెక్క, జీతం, వాటా, సమయం, ఇవి ప్రశ్నించే హక్కు ఇతరులకు ఉన్న విషయాలు. వాటిని దాచటమే ద్రోహమవుతుంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) ప్రసంగంలో తన ఇబాదత్‌ల ప్రస్తావన ఒక్కటి కూడా లేదు.

రెండవ సందేహానికీ అక్కడే జవాబు ఉంది. చేయనిది చెప్పకుండా ఉండాలంటే చేయగలిగినంతే చెప్పాలి. ఆయన కరవు లేని కాలాన్ని వాగ్దానం చేయలేదు, విజయాలను వాగ్దానం చేయలేదు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉన్నది. తన ప్రయత్నం, తన నిజాయితీ, తనను సరిచేసే దారి, వీటి వరకే మాట ఇచ్చి, దానికీ ఇన్‌షా అల్లాహ్ అని చేర్చారు.

ఈ సంప్రదాయం ఆయనతో ముగిసిపోలేదు. హిజ్రీ 99, అనగా 717లో, హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఖలీఫా అయినప్పుడు, తన అభిప్రాయం గాని, ముస్లిముల సంప్రదింపు గాని లేకుండా ఈ భారం తనపై పడిందని చెప్పి, బైఅత్ నుంచి ప్రజలను విముక్తం చేసి, ఇష్టమైనవారిని ఎన్నుకోమన్నారు. ప్రజలు ఆయననే కోరుకున్నారు. పిమ్మట ఆయన సంస్కరణను తన ఇంటినుంచే ప్రారంభించారు. కుటుంబం అనుభవిస్తున్న భూములను, భార్య ఆభరణాలను బైతుల్ మాల్‌కు చేర్చారు. కేవలం రెండున్నర సంవత్సరాల పాలనతో ఆయన చరిత్రలో నిలిచిపోయారు.

ప్రతిజ్ఞలు రాసినంత మాత్రాన సమాజం మారిపోదు. కాగితానికి అంతటి శక్తి లేదు. కాని రాసినది పదిమంది చేతిలో ఉన్నప్పుడు, అది తప్పటడుగు వేసే కాలిని పట్టి ఆపుతుంది. ఆ ప్రసంగం విన్న సహాబాలలో ఎందరో ఖలీఫాను ధైర్యంగా ప్రశ్నించగలిగారంటే, ఆ ధైర్యాన్ని మొదటి రోజే ఆయన వారి చేతికి అందించారు కనుకనే. నాయకుడు కాదలచిన ప్రతివాడూ కలం పట్టేముందు ఆలోచించవలసినది ఒక్కటే: ఈ పత్రం చదివిన బలహీనుడు రేపు తన హక్కు కోసం నిర్భయంగా తలుపు తట్టగలడా? తట్టగలడనుకుంటే ఆ పత్రం రాయదగినది. అల్లాహ్ చెప్పేది చేసేవారిగా, చేసేదే చెప్పేవారిగా అందరినీ తీర్చిదిద్దుగాక. ఆమీన్.